సుంకేసుల మడుగులో రబ్బరు కప్ప

ఉగాదికి ముందు తుంగభద్రను చూసి చాలామంది జాలిపడతారు. సుంకేసుల బ్యారేజీ కింద పారకం ఆగిపోతుంది. కేసీ కెనాల్ మొదలయ్యేది ఆ బ్యారేజీ దగ్గరే కదా, దాని కిందికి ఆ రోజుల్లో వచ్చే నీళ్లు అంతంతమాత్రం. బండల మధ్య మడుగులు మిగులుతాయి, వాటి అంచుల్లో జమ్ము, తూటి, నాచు. నేను ఏడాదంతా ఎదురుచూసేది ఆ మడుగుల కోసమే. లూర్‌తో, అంటే చేపను భ్రమపెట్టే నకిలీ ఎరతో, నా మొదటి కొర్రమీనును పట్టింది వాటిలోనే. అంతకు ముందు ఒక వేసవి మొత్తం ఉత్త చేతులతో కర్నూలుకు తిరిగొచ్చాను.

లూర్ వేట నేను ఫోన్‌లో నేర్చుకున్నాను, అదీ బ్రౌన్ ట్రౌట్ వీడియోలు చూసి. అది చల్లటి నీళ్ల చేప. ఐరోపా నుంచి ఆంగ్లేయుల కాలంలో తెచ్చి కాశ్మీరు, హిమాచల్ ఏర్లలో వదిలారు. చలి తగ్గి నీళ్లు కాస్త వెచ్చబడగానే దానికి ఆకలి పెరుగుతుంది. రాతి చాటున, పారకానికి ఎదురు నిలబడి, కొట్టుకొచ్చే పురుగుల్నీ చిన్న చేపల్నీ అందుకుంటుంది. అందుకని అక్కడివాళ్లు గిరగిర తిరిగే రేకు ఉన్న స్పిన్నర్‌ను ఎగువకు విసిరి, నీటి వాలుకన్నా కొంచెం వేగంగా లాగుతారు. చూడటానికి ఎంత బాగుంటుందో!

అదే స్పిన్నర్ కొన్నాను. 7 అడుగుల రాడ్, స్పిన్నింగ్ రీల్, అల్లిక దారం కొన్నాను. సుంకేసుల దగ్గర బండ మీద నిలబడి విసిరాను. ఎగువ ఎక్కడ, దిగువ ఎక్కడ? నీళ్లు నిలిచే ఉన్నాయి. మూడు కొక్కేల గాలం ప్రతిసారీ నాచులో చిక్కుకుంది. మొదటి ఉదయమే రెండు స్పిన్నర్లు తెగిపోయాయి. ఆ వేసవిలో ఎన్ని పోయాయో లెక్క పెట్టడం మానేశాను. ఇంటికొచ్చి మళ్లీ వీడియోలు చూడటం, మళ్లీ టెన్షన్ పడటం. తప్పు చేతిలో ఉందనుకున్నాను కానీ, వేరే నది పాఠాన్ని ఈ నది మీద రుద్దుతున్నానని తోచలేదు.

మరుసటి ఏడు చిన్నాయనను వెంట రమ్మన్నాను. ఆయన చిన్నప్పటి నుంచి వెదురు కర్రకు బతికున్న కప్పను కట్టి కొర్రమీను పట్టినవాడు. నాకు ఆ కప్పను గాలానికి గుచ్చడం మనసొప్పదు, లూర్ వైపు వచ్చిందే అందుకు. వెళ్లగానే ముందు వలలు ఆరేసుకుంటున్న జాలరులను అడిగాం. ఆ నీళ్ల మీద బతికేది వాళ్లు, అడగకుండా గాలం వేయడం తప్పు. మొసలి కనిపించిన మడుగు ఏదో కూడా వాళ్లే చూపించారు. తుంగభద్రలో మొసళ్లు ఉన్నాయి. మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగొద్దని గట్టిగా చెప్పారు.

నేను రాడ్ విప్పబోతుంటే చిన్నాయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందిరా ఆ తొందర? చేప యాడుందో సూసినావా?"

"నీళ్లలో ఎట్లా కనపడుతుంది చిన్నాయనా?"

"అది ఊపిరి పీల్చనీకి పైకొస్తాది. కూచో."

బండ మీద అరగంట కూర్చున్నాం. కొర్రమీను మొప్పలతో మాత్రమే బతకలేదు, నీటిపైకి వచ్చి గాలి మింగాల్సిందే. అందుకే ట్రౌట్ తట్టుకోలేని మా ఎండాకాలపు నీళ్లలో ఇది హాయిగా ఉంటుంది. జమ్ము పక్కన 'గుబుక్' మని ఒక శబ్దం, గుండ్రంగా ఒక అల. కాసేపటికి అక్కడే ఇంకోసారి. ఏడాదిగా నేను ఎక్కడ పడితే అక్కడ విసిరిన నీళ్లలో ఒక చేప ఇల్లు కట్టుకుని ఉందని అప్పుడు తెలిసింది.

ఈసారి స్పిన్నర్ తీయలేదు. బోలుగా ఉండే రబ్బరు కప్ప కట్టాను. దాని రెండు కొక్కేలూ వీపుకు అతుక్కుని పైకి ఉంటాయి, చేప నోట్లో రబ్బరు నొక్కుకుంటేనే బయటపడతాయి. నాచు మీద జారిపోతుంది తప్ప చిక్కుకోదు. ముడి బిగించే ముందు దారాన్ని ఉమ్మితో తడిపాను. పొడిగా లాగితే రాపిడికి ముడి బలం పోతుంది. అల లేచిన చోటికి రెండు బారల అవతల విసిరి, రాడ్ మొన కిందికి దించి, రెండు తట్లు తట్టి ఆపాను. మళ్లీ రెండు తట్లు.

నాచు పగిలింది. కప్ప మాయమైంది. నేను గబుక్కున లాగాను, కప్ప ఒట్టిగా ఎగిరి నా కాళ్ల దగ్గర పడింది.

"కప్పను మింగనియ్యి. రెండు లెక్కపెట్టి లాగు."

కొర్రమీను నోరు గట్టి ఎముక. పైగా కప్పను ముందు పట్టుకుని, తర్వాత తిప్పి లోపలికి తీసుకుంటుంది. లూర్ వేటలో నాకు అన్నిటికన్నా కష్టమైంది ఈ రెండు క్షణాలే. కళ్ల ముందు నీళ్లు బద్దలవుతుంటే చేతిని ఆపడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. మరో మూడు దెబ్బలు పోగొట్టుకున్నాను. ఎండ ఎక్కుతోంది.

తూటి పొద కింద ఐదోసారి కొట్టింది. ఒకటి. రెండు. దారంలో వదులు చుట్టుకుని, రాడ్‌ను బలంగా పైకెత్తాను. బరువు తెలిసింది. పొదలోకి దూరితే దారం చుట్టేసుకుంటుంది కాబట్టి సందు ఇవ్వకుండా నాచు మీదుగా బండ దాకా లాక్కొచ్చాను. ముదురు గోధుమ వీపు, తెల్లటి పొట్ట, పాము తల. కిలో పైనే ఉంటుంది. నా చేతులు చాలాసేపు వణికాయి.

దాన్ని ఇంటికి తెచ్చుకున్నాం. అమ్మ ఉప్పు, బూడిద వేసి జిగురు పోయేదాకా బండకేసి రుద్దింది, పచ్చిమామిడి వేసి పులుసు పెట్టింది. ఆ రోజే పడిన రెండోది జానెడు పిల్ల. కొక్కేల మొనల దగ్గరి ఎదురుముల్లును ముందే పటకారుతో నొక్కేసి ఉంచాను కాబట్టి సులువుగా ఊడింది. చేతులు తడుపుకుని నీళ్లలో వదిలాను. ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే మాత్రం గాలమే వేయను. దాని కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి, వాటిని తీసేస్తే ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. ఇది కూడా చిన్నాయన పెట్టిన షరతే.

తిరుగు ప్రయాణానికి రాడ్ విప్పుతుంటే ఆయన రబ్బరు కప్పను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పళ్ల గాట్లకు ఒక కాలు తెగిపోయింది.

"ఇంగో మడుగు ఉంది గదా," అన్నాడు. "ఆ కర్ర ఇటియ్యి, ఒకసారి నేనేస్తా."