గరాజ్‌లో కారు లిఫ్టు: ముందు నేల సంగతి చూడండి

నిన్ననే ఎలక్ట్రీషియన్ వచ్చి 220 వోల్టుల లైను లాగి వెళ్లాడు. లిఫ్టు పనిచేస్తోంది, క్యామ్రీ పైకి లేచింది. మా ఇల్లు కట్టిన బిల్డర్ ఆఫీసు మీద కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఆయిల్ మార్చడం, బ్రేకులు వేయడం ఎప్పటినుంచో నా చేతిపనే. షాపువాళ్లు బ్రేక్ ప్యాడ్లకు చెప్పే రేటు వింటే ఎవరైనా పానా పట్టాల్సిందే. కాకపోతే జాకీ ఎక్కించి, స్టాండ్లు పెట్టి, సిమెంటు మీద వెల్లకిలా పడుకోవడం ఇక నడుము వల్ల కావట్లేదు. లిఫ్టు కొంటున్నానంటే మా బావమరిది, "ఏం బావా, సాఫ్ట్‌వేర్ మానేసి షెడ్డు పెడుతున్నావా?" అని నవ్వాడు. వాడి కారు బ్రేకులు వేసిందీ నేనే, అది వేరే సంగతి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘం) వాళ్లు పేచీ పెడతారనుకుంటే, లోపల ఏం పెట్టుకున్నా మాకు అనవసరం, తలుపు తీసి రిపేర్లు చేయకండి అని ఒక్క మెయిల్‌తో వదిలేశారు.

నా మనసంతా రెండు స్తంభాల లిఫ్టు మీదే. దాని చేతులు బండిని అడుగు నుంచి ఎత్తుతాయి, నాలుగు చక్రాలూ గాల్లో ఉంటాయి. బ్రేకుల పనికీ సస్పెన్షన్ పనికీ దాన్ని మించింది లేదు. అయితే ఆ స్తంభాలను నేలకు బోల్టులతో బిగించాలి. కాంక్రీటు కనీసం నాలుగంగుళాల మందం, 3000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బలం ఉండాలని మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. షోరూమ్‌లో సేల్స్ అతను మాత్రం కారు బరువు అడిగాడు, కార్డు అడిగాడు. నేల ఊసే ఎత్తలేదు.

డబ్బు కట్టేముందు గరాజ్‌లో అట్టపెట్టెలు జరిపి చూస్తే, తలుపు దగ్గర సిమెంటులోనే అచ్చు గుద్ది ఉంది: పోస్ట్ టెన్షన్ స్లాబ్, కోయరాదు, డ్రిల్ చేయరాదు. ఇక్కడి నేల మన గుంటూరు నల్లరేగడి లాంటిదే, వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. స్లాబు పగలకుండా లోపల ఉక్కు కేబుళ్లు వేసి, కాంక్రీటు గట్టిపడ్డాక నులక మంచం బిగించినట్టు లాగి కట్టేస్తారు. ఒక్కో కేబుల్‌ను లాగేది దాదాపు 33,000 పౌండ్ల బలంతో. డ్రిల్ తగిలి అది తెగిందంటే కాంక్రీటు చీల్చుకుని బయటికి రావచ్చు. సేల్స్ అతనికి ఫోన్ చేస్తే, "బోల్టు ఎంత లోతు దిగుతుంది సార్, అందరూ వేసుకుంటున్నారు" అన్నాడు. ఆ మాటే కాగితం మీద రాసివ్వమన్నాను. మళ్లీ ఫోన్ ఎత్తితే ఒట్టు.

కేబుళ్లు ఎక్కడున్నాయో చూపించే డ్రాయింగు కోసం బిల్డర్ ఆఫీసుకి వెళ్లాను. అక్కడే నా పరువు పోయింది. మొదటి ఓనరు మీరేనా అని అడిగారు. కాదు, రెండో చేతి ఇల్లు. అయితే మీ పేరు సిస్టమ్‌లో లేదు, ఇంజనీరింగ్ వాళ్లను అడగండి అన్నారు. ఇంజనీరింగ్ వాళ్లు వారంటీ వాళ్లను అడగమన్నారు, వారంటీ ఆవిడ మళ్లీ మొదటి బల్ల దగ్గరికే పంపింది. చివరికి ఒకాయన, ఇల్లు కొనడానికి వచ్చిన జంట ముందే, గొంతు పెంచి, "సార్, గరాజ్ కారు పెట్టుకోవడానికి, మెకానిక్ షాపు నడపడానికి కాదు" అన్నాడు. ఆ జంట నన్ను ఎగాదిగా చూశారు. నా ఇంటి నేలలో ఏముందో నేను తెలుసుకోవడం తప్పయింది! అదే నేను ఏ జాన్‌నో అయ్యుంటే అలా మాట్లాడేవాడా అని ఇంటికొచ్చేదాకా మనసులో మెదులుతూనే ఉంది. డ్రాయింగు ఈ రోజుకీ రాలేదు.

ఆఖరికి రాడార్ స్కానర్ ఉన్నతన్ని పిలిచాను. చిన్న బండిలాంటి మిషన్ నేల మీద నడిపి, కేబుల్ వెళ్లే దారుల్ని ఎర్ర సుద్దతో గీశాడు. ఎడమ స్తంభం రావాల్సిన చోట సరిగ్గా ఒక గీత. అటూ ఇటూ జరిపితే కారు తలుపు తెరుచుకోదు. "మీ ఇష్టం, కానీ నేను సంతకం పెట్టను" అన్నాడు. మొత్తం వ్యవహారంలో నిజం మాట్లాడింది అతనొక్కడే.

అందుకని నాలుగు స్తంభాలదానికి దిగాను. నేను తీసుకున్నదాన్ని నేలకు బిగించకుండానే వాడొచ్చని మాన్యువల్‌లోనే ఉంది. ఏఎల్‌ఐ, అంటే లిఫ్టులకు సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా సంస్థ, దాని బంగారు రంగు స్టిక్కరు ఉన్నదే తీసుకోండి. "ఏఎల్‌ఐ ప్రమాణాలకు తగ్గట్టు తయారైంది" అని రాసి అమ్మేవాళ్లున్నారు, అది సర్టిఫికెట్ కాదు. ఏఎల్‌ఐ వెబ్‌సైట్‌లో మోడల్ నంబరు కొడితే తేలిపోతుంది. కప్పు ఎత్తు కూడా కొలవండి. మాది పదడుగులు, అంటే 120 అంగుళాలు. క్యామ్రీ ఎత్తే దాదాపు 57. పైన గరాజ్ తలుపు జరిగే పట్టాలు ఓ అడుగు తింటాయి. మిగిలిన చోట నిలబడటం కుదరదు, స్టూలు మీద కూర్చుని పని చేసుకోవాలి. వెల్లకిలా పడుకోవడం కంటే నయమే.

ఒక్క లోటు. ఇందులో కారు చక్రాల మీదే నిలబడి ఉంటుంది కాబట్టి, చక్రం విప్పాలంటే లిఫ్టు పట్టాల మధ్య జరిగే జాకీ విడిగా కొనాలి. దాని ధర లిఫ్టు ధరలో కలిపి చెప్పరు, మీరే అడగాలి. నాది ఇంకా రాలేదు. అందాకా మా బావమరిది బ్రేకులు ఆగాల్సిందే.