నీళ్లు తాగని ఏడాది

ఇంటర్ మొదటి సంవత్సరం హాస్టల్లో నేను నీళ్లు తాగడం మానేశాను. మధ్యాహ్నం అన్నంతో అర గ్లాసు, అంతే. తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి, వెళ్తే వాళ్లుంటారు. "ఏయ్ పాపా, ఇటు కాదు, అమ్మాయిల వైపెళ్లు" అనేవాళ్లు. ఒకసారి బయట గడియ పెట్టి పోయారు. స్టడీ అవర్ అయ్యేదాకా లోపలే నిలబడ్డాను. అప్పట్నించి అందరూ పడుకున్నాక రాత్రి ఒంటిగంటకు లేచి వెళ్లేవాణ్ణి.

సంక్రాంతి సెలవులకు ముందు చలిజ్వరం పట్టుకుంది. నడుం పక్కన పొడిచినట్టు నొప్పి, మూత్రంలో మంట. ఇన్ఫెక్షన్ కిడ్నీదాకా పాకిందన్నారు. స్కానింగ్‌లో చిన్న రాయి కూడా కనిపించింది. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. "రోజుకి మూడు లీటర్లు తాగాలి బాబూ" అని డాక్టరుగారు చెబుతుంటే అమ్మ తలూపింది. నేను గోడవైపు తిరిగాను.

ఇంట్లో అమ్మ పూటపూటకీ బార్లీ నీళ్లు కాచి ఇచ్చేది. జ్వరం తగ్గింది, రాయి పడిపోయింది. నిద్ర మాత్రం పట్టేది కాదు. హాస్టల్ మాటెత్తితే చాలు, తిన్నదంతా వాంతయ్యేది. మళ్లీ పరీక్షలు చేస్తే అన్నీ నార్మల్. చదువు టెన్షన్ అనుకున్నారు నాన్న.

చివరికి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ అమ్మానాన్నల్ని బయట కూర్చోమని, నా పాత ఫైలు తిరగేసి, "హాస్టల్లో బాత్రూమ్‌కి ఎప్పుడెళ్తావు?" అని అడిగారు. ఏడుపు ఆగలేదు. అన్నీ చెప్పేశాను, నాకు అబ్బాయిలంటే ఇష్టమన్న సంగతితో సహా. "అది జబ్బు కాదు నాన్నా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దాన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. నీకున్నది డిప్రెషన్. దానికి మందుంది" అన్నారు.

మందులు పనిచేయడానికి మూడు వారాలు పట్టింది. హాస్టల్ మాన్పించి ఊరి దగ్గరి కాలేజీలో చేర్పించారు. పది నెలలకి మాత్రలు మెల్లగా తగ్గించారు. నాన్నకి నా గురించి చెప్పడానికి మాత్రం ఇంకో ఆరేళ్లు పట్టింది.

చాలా కాలం తర్వాత, తమిళనాడులో లైంగిక, జెండర్ మైనారిటీల బడి అనుభవాల మీద యునెస్కో 2019లో తెచ్చిన అధ్యయనం చదివాను. 60 శాతం మంది మిడిల్, హైస్కూలు రోజుల్లో శారీరకంగా వేధింపులు పడ్డామన్నారు. బడిలో ఫిర్యాదు చేసినవాళ్లు 18 శాతమే. ఆ అంకె దగ్గర ఆగిపోయాను. మా వార్డెన్ గది ఆ బాత్రూముల ఎదురుగానే ఉండేది. ఒక్కసారి కూడా ఆ తలుపు తట్టలేదు నేను.

మొన్న జూన్‌లో మా అక్క కొడుకు హాస్టల్లో చేరాడు. ఫోన్ చేసినప్పుడల్లా వాణ్ణి మార్కులు అడగను, నీళ్లు తాగుతున్నావా అని అడుగుతాను. "తాగుతున్నా మామయ్యా" అంటాడు. ఎన్ని గ్లాసులో కూడా చెప్పించుకుంటాను.