పక్కన పెట్టిన పది గుర్తులు

“అబ్బాయ్, ఊళ్ళవాళ్ళ రోడ్లన్నిటికీ మార్కులు వేసి వస్తున్నావట. మన డొంకకు ఎన్ని వేస్తావు?” అని మొన్న బాబాయి కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ అడిగాడు. వేళాకోళమే. అయినా గుచ్చుకుంది. ఐదు నెలల కిందట ఇంచుమించు ఇదే మాట ఇంకొకరు ఇంకో భాషలో అన్నారు మరి.

కెన్యాలో మట్టిరోడ్ల స్థితి కొలిచే ఉద్యోగం నాది. గుంటూరులో ఇంజనీరింగ్ చదివి విదేశం వెళ్ళినవాడు కంప్యూటర్ ముందు కూర్చుంటాడని ఇక్కడ అందరి లెక్క. నేను ఒంటిచక్రం బండి తోసుకుంటూ ఎర్రమట్టిలో నడుస్తానని అమ్మ ఇప్పటికీ చుట్టాలకు చెప్పదు. “రోడ్ల ఆఫీసరు” అని తేల్చేస్తుంది.

ఆ బండి పేరు మెర్లిన్. బ్రిటన్ రవాణా పరిశోధనశాలవాళ్ళు 1990 ప్రాంతంలో పేద దేశాల కోసం తయారుచేశారు. ముందు సైకిలు చక్రం, వెనుక ఒక కాలు, నడుమ నేలను తాకే చిన్న పాదం. ఆ పాదం లేచినా దిగినా పైన ముల్లు కదులుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఆగి, ముల్లు ఉన్నచోట చార్టు మీద పెన్సిలుతో ఒక గుర్తు పెట్టాలి. అలా రెండు వందల గుర్తులు. చివరికి చార్టు మీద గుర్తులకు రెండు కొసల నుంచీ పదేసి వదిలేసి, మిగిలినవి ఎంత మేర పరుచుకున్నాయో కొలిస్తే గతుకుల లెక్క వస్తుంది. బెజవాడ ఆటోనగర్‌లో బొమ్మ గీసి చూపిస్తే పొద్దుగూకేలోగా చేసిపెడతారు, అంత తేలిక వస్తువు.

మ్వేయా అనే చోట కొలుస్తున్నాం. వరి పండే ప్రాంతం, టమాటా కూడా. నేల మన నల్లరేగడే. ఎర్ర కంకరమట్టిని మురమ్ అంటారు, మన మొరం లాగే. మొదటిసారి విన్నప్పుడు ఇంటికి వచ్చినట్టే అనిపించింది. టమాటా పెట్టెలతో మోటారుసైకిలు కోసం ఎదురుచూస్తున్న ఒక పెద్దావిడ నా చార్టులోకి తొంగిచూసి, పల్లం దగ్గరి గుర్తు ఏదని అడిగింది. చూపించాను. పక్కన పెట్టిన పదిలో ఉంది.

“మా టమాటాలు నేలపాలయ్యేది అక్కడే. తీసేసినవి నాకు ఇచ్చి, మిగతావి నువ్వు ఉంచుకో” అంది. నాతో వచ్చిన కుర్రాడు నవ్వు ఆపుకుంటూ అర్థం చెప్పాడు.

నాకు కోపం వచ్చింది. కొసలు వదిలేయడానికి కారణం ఉంది. ఎక్కడో ఒక రాయి మీద పాదం పడినంత మాత్రాన రోడ్డంతా చెడినట్టు రాకూడదు కదా. గుంతలు, నీటి కోత, పూడిన పక్క కాలువలు విడిగా వేరే కాగితం మీద రాస్తాం. అదంతా చెప్పాను. అక్కడితో ఆగానా? మా దేశంలో పల్లెలకు పక్కారోడ్లు వేసే పథకం 2000లోనే మొదలైందనీ, మా గుంటూరు వైపు ఊరూరికీ తారురోడ్డు ఉందనీ అడగని గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఆవిడ ఓపికగా విని పెట్టెలు ఎత్తించుకుని వెళ్ళిపోయింది.

తారురోడ్డు ఊరి దాకానే ఉంది. మా మిరపచేను ఊరి బయట, ప్రత్తిపాడు వైపు, రెండున్నర కిలోమీటర్ల డొంక చివర. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మిరపకాయల టిక్కీలతో, అంటే బస్తాలతో, వస్తున్న ట్రాక్టరు అకాల వానకు పల్లంలో ఇరుసు దాకా దిగబడింది. నాన్న కందికట్టె తెచ్చి చక్రాల కింద తొక్కించాడు. చక్రం తిరిగింది, కట్టె లోపలికి పోయింది, బండి అక్కడే ఉంది. తెల్లారి మిర్చి యార్డుకు చేరేసరికి సగం సరుకు తాలుకాయ ధర పలికింది. ఇది ఆవిడకు చెప్పాల్సింది. తారురోడ్డు సంగతి చెప్పాను.

ఏడాది పొడవునా తిరగగలిగే రోడ్డుకు 2 కిలోమీటర్ల లోపు ఎంతమంది పల్లెజనం ఉన్నారన్నది ప్రపంచమంతా వాడే కొలత. వానలకు అప్పుడప్పుడూ కొద్దిసేపు ఆగినా ఫరవాలేదని అందులో ఒక వెసులుబాటు. ఎవరి కొద్దిసేపు? పండిన టమాటాకూ, తడిసిన మిరపకాయకూ, నొప్పులు పడుతున్న మనిషికీ ఒకటే గడియారమా? ఇప్పుడు కారులో ఫోను పెట్టి కుదుపులు కొలిచే పద్ధతి కూడా వచ్చింది. కారు పోలేనిచోట ఫోను ఏం కొలుస్తుందో మరి.

నిన్న బాబాయితో డొంక అంతా నడిచాను. నేను అలవాటుగా గతుకులు చూస్తున్నాను. ఆయన రెండంటే రెండు చోట్ల ఆగాడు: మాన్యం పల్లం, తుమ్మల మలుపు. రెండూ కలిపి పాతిక గజాలు ఉండవు. “మిగతాదంతా బంగారం” అన్నాడు.

తిరిగి వస్తుంటే ఉన్నట్టుండి అడిగాడు. “ఇంతకీ ఆ టమాటాల ఆవిడ పల్లానికి తూము వేశారా?”

తెలియదన్నాను. నా రిపోర్టులో ఆ రోడ్డు మధ్యస్థం.

“మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నావు?”

“మార్చి చివర. అక్కడ పెద్ద వానలు అప్పుడే మొదలవుతాయి.”

“మంచిదే. ఈసారి ఆ బండి వదిలేసి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళు” అన్నాడు బాబాయి.