నడక సంగతి తర్వాత, ముందు కూర్చోనివ్వండి

వెన్నుపాముకు కరెంటు ఇచ్చే వైద్యం గురించి మాట ఎత్తితే చాలు, అందరూ అడిగేది ఒకటే: "అయితే మళ్లీ నడుస్తావా?" వాళ్లను తప్పుపట్టను, వీడియోల్లో చూపించేది అదే కదా. కానీ మెడలో, సీ6 అనే ఆరో స్థాయి దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న నాకు దానికంటే ముందు తేలాల్సిన విషయం ఇంకోటుంది. కళ్లు తిరగకుండా పొద్దుటి పూట కూర్చోగలగడం.

పడుకున్నప్పుడు నా బీపీ 100/60 ఉంటుంది. వీల్‌చైర్‌లోకి మారేసరికి ఒక్కోసారి 75/45కి దిగిపోతుంది. లేచిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. నా విషయంలో ముందు చూపు అంచుల నుంచి తెల్లబడుతుంది. ఆ తర్వాత పక్కవాళ్ల మాటలు బావిలోంచి వస్తున్నట్టు ఉంటాయి. మెడ వెనక, భుజాల మీద ఒకటే లాగుడు. నేను నోరు తెరిచేలోపే తమ్ముడికి నా మొహం చూసి తెలిసిపోతుంది. "అక్కా, వాలుస్తున్నా" అంటూ కుర్చీని వెనక్కి వంచేస్తాడు. మొదట్లో రిహాబ్‌లో ఒకరు, నేను ఎక్సర్‌సైజులకు బద్ధకిస్తున్నానని ఫైల్లో రాశారు. మెదడుకు రక్తం అందని మనిషిని పట్టుకుని!

ఇందులో విచిత్రమేమిటంటే, బీపీ పడిందన్న కబురు నా మెదడుకు సరిగ్గానే చేరుతుంది. మెడలోని ధమనుల్లో, గుండె పైనున్న పెద్ద ధమనిలో పీడనాన్ని కనిపెట్టే నరాలు వెన్నుపాము దారిన పోవు. రక్తనాళాలను బిగించమని మెదడు పంపే ఆజ్ఞ మాత్రం వెన్నుపాములోంచే దిగాలి. అది మెడ దగ్గరే ఆగిపోతుంది, రక్తమంతా పొట్టలో, కాళ్లలో నిలిచిపోతుంది. ఛాతీ మధ్యన టీ6కి పైన దెబ్బతిన్నవాళ్లలో ఈ బాధ ఎక్కువ.

పొట్టకు బైండర్ అనే బిగుతు పట్టీ, కాళ్లకు బిగుతు సాక్సులు, బీపీ పెంచే మిడోడ్రిన్ మాత్ర... ఇవన్నీ నాకూ ఉన్నాయి. బైండర్‌ను పడుకుని ఉండగానే కట్టుకోవాలి, లేచాక కట్టుకుంటే అంత ఫలితం ఉండదు. మిడోడ్రిన్ వేసుకున్నాక కొన్ని గంటలపాటు పడుకోకూడదు, పడుకుంటే బీపీ పైకి ఎగబాకుతుంది. అందుకే సాయంత్రం తర్వాత దాని జోలికి పోను.

నాకు కరెంటుతో నేరుగా పరిచయం ఎఫ్ఈఎస్ వల్ల, అంటే కండరాలకు కరెంటు ఇచ్చి కదిలించే పద్ధతి. పిక్కలకు, తొడలకు జెల్ ప్యాడ్లు అంటించి మిషన్ ఆన్ చేస్తే కండరాలు బిగుస్తూ వదులుతూ రక్తాన్ని పైకి నెడతాయి. పిక్క గట్టిపడటం నా కంటికి కనిపిస్తుంది, ఒంటికి మాత్రం తెలియదు. తెలియదు కాబట్టే అసలు జాగ్రత్త. ప్యాడ్ అంచు లేచి ఉంటే కరెంటంతా ఒకేచోట పడి చర్మం కాలొచ్చు. తీశాక ప్యాడ్ కింద ఎర్రబడిందేమో తమ్ముడు ప్రతిసారీ చూస్తాడు. కరెంటు మరీ ఎక్కువైతే ఉన్నట్టుండి తలనొప్పి, మొహం మీద చెమట, బీపీ ఆకాశానికి. అది అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా, అంటే దెబ్బకు కింది భాగంలో ఏదైనా ఇబ్బంది కలిగితే బీపీ అదుపు తప్పి పెరిగిపోవడం. వెంటనే ఆపేసి, నిటారుగా కూర్చోబెట్టాలి. అంటే మనకు తక్కువ బీపీతో పాటు ఎక్కువ బీపీ బెడద కూడా ఉందన్నమాట. ఎఫ్ఈఎస్ పనిచేస్తుంది, కానీ ఆన్‌లో ఉన్నంతసేపే. కండరం అలిసిపోతే ఫలితమూ తగ్గిపోతుంది.

నేను ఆశగా గమనిస్తున్నది ఇంకో పద్ధతి. పరిశోధకులు గ్రెగ్వార్ కూర్టీన్, జోసెలిన్ బ్లాక్, ఆరన్ ఫిలిప్స్ బృందాలు 2021లో 'నేచర్' పత్రికలో రాసినదాని ప్రకారం, బీపీ పెంచడానికి వెన్నుపాములో అన్నిటికంటే బాగా స్పందించే చోటు ఛాతీ భాగపు చివరి కొన్ని ఖండాల్లో ఉంది. కాళ్ల కదలిక కోసం కరెంటు ఇచ్చే చోటు దానికి ఇంకా కింద, నడుము భాగంలో. వెన్నుపాము పొర మీద సన్నని ఎలక్ట్రోడ్ల పట్టీ, ఒంట్లోనే అమర్చే చిన్న బ్యాటరీ పరికరం. ఆగిపోయిన ఆజ్ఞ బదులు అదే నరాలను తడుతుంది, రక్తనాళాలు బిగుస్తాయి. 2025లో 14 మందిలో ఫలితాలు 'నేచర్ మెడిసిన్'లో వచ్చాయి: బీపీ నిలబడింది, లక్షణాలూ తగ్గాయి. నాకు ఆ రెండో మాటే ముఖ్యం. అంకె బాగుండి కళ్లు తిరుగుతుంటే ఏం లాభం?

ఒక్క విషయంలో పొరపడకండి. అమెరికాలో వైద్య పరికరాలకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో అనుమతించిన ఆర్క్-ఎక్స్ అనే పరికరం చర్మం మీద నుంచి కరెంటు ఇచ్చేది, ఆ అనుమతి చేతుల పనితనం కోసం. దాన్ని చూసి బీపీకి పరికరం వచ్చేసిందని ఫార్వర్డ్ చేస్తున్నారు.

నా వరకు వచ్చే చెకప్‌లో 24 గంటల బీపీ రికార్డింగ్ పెట్టమని అడగబోతున్నాను. కూర్చున్నప్పుడు పడేది, రాత్రి పడుకున్నాక పెరిగేది, బ్లాడర్ నిండినప్పుడు ఎగిరేది, అన్నీ ఒకే కాగితం మీద కనబడితే ఆ ఒంట్లో అమర్చే పరికరం ఆపరేషన్ గురించి డాక్టర్‌తో మాట్లాడటానికి నా దగ్గర ఏదో ఒక ఆధారం ఉంటుంది.