డిసెంబరు 26న మా ఇంటి క్రిస్మస్

ఊరంతా డిసెంబరు 25న క్రిస్మస్ జరుపుకుంటే, తెనాలి దగ్గరి పల్లెలో ఉన్న మా తాతగారింట్లో మాత్రం ఆ పండుగ 26న జరుగుతుంది. దీనికి పంచాంగ భేదమేమీ కారణం కాదు. మా తాతయ్యకు ఐదుగురు సంతానం, ఆ ఐదుగురూ ఇప్పుడు నాలుగు రకాల సంఘాలకు చెందినవారు. 25న ఎవరి గుడికి వారు వెళ్ళక తప్పదు కనుక, అందరూ ఒక్క కప్పు కింద కూర్చుని అన్నం తినాలంటే మరునాడే వీలవుతుంది. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. తెలంగాణలో 26 కూడా సెలవు దినమే కాబట్టి నాకు చిక్కు లేదు. ఆంధ్రలో పనిచేసే మా అన్నదమ్ములు సెలవు పెట్టుకుని వస్తారు.

తాతయ్య లూథరన్ మిషన్ పాఠశాలలో ఉపాధ్యాయుడు. 1842లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన హేయర్ దొరగారు మొదలుపెట్టిన పని నుంచి పెరిగిన సంఘం అది. పెదనాన్న, మా నాన్న ఇప్పటికీ ఆ గుడిలోనే ఉన్నారు. చిన్నత్తయ్య విజయవాడలో కథోలిక కుటుంబానికి కోడలైంది. 24 అర్ధరాత్రి పూజకు వెళ్ళి, తెల్లవారుజామున ఇంటికి చేరి, మధ్యాహ్నం వరకు నిద్రపోయే అలవాటు వాళ్ళది. బాబాయి రేపల్లెలో ఎలక్ట్రీషియను, పెంతెకొస్తు మందిరానికి వెళ్తారు. పెద్దత్తయ్యది మెదక్. అసలు ఈ తేదీ మార్పుకు మూలకారణం ఆమే.

మెదక్ చర్చిని చూసినవారికి పెద్దత్తయ్య ఇబ్బంది తేలికగా అర్థమవుతుంది. పోస్నెట్ అనే మిషనరీ, కరువు రోజుల్లో ఆకలితో ఉన్న జనానికి పని చూపించి కట్టించిన ఆ కేథడ్రల్‌ను 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. అంటే క్రిస్మస్ నాడే ఆ గుడికీ పుట్టినరోజు. తెల్లవారుజామునే ఆరాధన మొదలవుతుంది, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం రోజంతా వస్తూనే ఉంటారు. అత్తయ్య మామగారి తండ్రి ఆ గుడికి రాళ్ళు మోసినవారిలో ఒకరని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. అలాంటి ఇంటి కోడలు పండుగ పూట పుట్టింటికి పోతానంటే ఒప్పుకునేవారెవరు? పెళ్ళయిన మొదటి ఏడాది ఆమె లేకుండానే భోజనాలు ముగించారట. ఆ రాత్రి నాయనమ్మ అన్నం ముట్టకుండా వసారాలో కూర్చుని, "వచ్చే ఏడు నుంచి పొయ్యి 26న వెలిగిస్తాను, తినేవాళ్ళు తినండి, లేనివాళ్ళు పోండి" అని తీర్పు చెప్పింది. నలభై ఏళ్ళుగా ఆ తీర్పే అమల్లో ఉంది.

అయితే 26న పండుగ అంటే పని ఆనాడే మొదలవుతుందని కాదు. డిసెంబరు రాగానే ఇంటికి సున్నం, గుమ్మం మీద వెదురుబద్దలతో కట్టి రంగు కాగితం అంటించిన స్టారు సిద్ధమవుతాయి. నెల మధ్యలో ఊళ్ళో సెమీ క్రిస్మస్ జరుగుతుంది. పరీక్షలో సగం రాసినట్టు సగం క్రిస్మస్ ఏమిటని హైదరాబాదులో నా స్నేహితులు నవ్వుతారు గానీ, పండుగ నాడు ఎవరి గుడి వారిదైపోతుంది కాబట్టి ఇరుగుపొరుగు సంఘాలవారు, ఆఫీసుల్లో తోటివారు కలిసి కేకు కోసుకోవడానికి మన తెలుగువాళ్ళు కనిపెట్టుకున్న ఏర్పాటు అది. నాకు చాలా తెలివైన ఏర్పాటుగానే తోస్తుంది.

ఆ రోజుల్లోనే ధనుర్మాసం కూడా మొదలవుతుంది. రాత్రి పది దాటాక డప్పు, గిటారు పట్టుకుని మా సంఘం యువకులు కేరల్స్ పాడుతూ ఇంటింటికీ తిరుగుతారు. వాళ్ళు నిద్రపోయిన కాసేపటికే హరిదాసు చిడతలు వినిపిస్తాయి. మా గుమ్మం మీద స్టారు వెలుగుతుంటే ఎదురింటి ముగ్గులో గొబ్బెమ్మలు కూర్చుని ఉంటాయి. ఆ నెలలో ఎదురింటివారు మాంసం ముట్టరు కనుక, నాయనమ్మ వాళ్ళకు పంపే పళ్ళెంలోకి అరిసెలు, జంతికలు, గవ్వలు వేరే మూకుడులో వేరే నూనెతో చేయించేది. సంక్రాంతికి అదే పళ్ళెం నిండుగా తిరిగి వచ్చేది. ఇప్పటికీ వస్తుంది, కాకపోతే స్టీలు పళ్ళెం స్థానంలో ప్లాస్టిక్ డబ్బా వచ్చింది.

అరిసెల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో వేదాంత చర్చలకంటే పాకం చర్చలే తీవ్రంగా జరుగుతాయి. ముందురోజు నానబెట్టిన బియ్యాన్ని వాడ్చి, తడి ఆరకముందే దంచి జల్లించాలి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం చొప్పున పాకం పెట్టి, ఒక చుక్కను నీళ్ళలో వేస్తే అది కరిగిపోకుండా వేలికి మెత్తని ఉండలా అందినప్పుడు దించి పిండి కలపాలి. లేతపాకమైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే రాయి అవుతుంది. నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ ఉండను చూసే అధికారం ఆమె ఒక్కదానిదే. ఆమె పోయిన ఏడు ఆ గిన్నె చుట్టూ మా అమ్మ, పెద్దమ్మ, చిన్నత్తయ్య నిలబడి, ఒకరు దించమని, ఒకరు వద్దని వాదించుకుంటూ ఉండగానే పాకం కాస్తా ముదిరిపోయింది. ఆ ఏటి అరిసెలను పిల్లలు క్రికెట్‌లో వికెట్లకు బదులు నిలబెట్టారు. అప్పటి నుంచి ఆ బాధ్యతను మా వదినకు అప్పగించాము. ఆమె హిందూ కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి, సంక్రాంతికి పుట్టింట్లో పాకం చూసి చూసి చెయ్యి తిరిగినది. మా ఇంటి క్రిస్మస్ అరిసె ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నందుకు ఎవరికీ చిన్నతనం లేదు. అందరి పళ్ళూ క్షేమంగా ఉన్నాయి.

26 ఉదయానికి దొడ్లో గాడిపొయ్యి తవ్వి పలావు ఎక్కిస్తారు. ముప్పై మంది దాకా ఉంటాము. చిన్నత్తయ్య తన ఇంటి పశువులపాక బొమ్మలను గుడ్డలో చుట్టి తెచ్చి, వసారా మూల ఎండుగడ్డి పరిచి అమరుస్తుంది. బాబాయికి ఆ బొమ్మలు నచ్చవు. పసిబాలుడైన యేసును చూడవచ్చిన జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా రాయలేదని ఆయన ప్రతి ఏడూ గుర్తు చేస్తారు. ఆ మాట నిజమే కూడా, సువార్తలో కానుకలు మూడనే ఉంది గాని మనుషుల లెక్క లేదు. చిన్నత్తయ్య ఏమీ వాదించదు, "ఉన్న బొమ్మలు మూడే, నాలుగోవాడికి నువ్వు డబ్బులియ్యి" అని మాత్రం అంటుంది.

పాటల దగ్గర కూడా ఇలాంటి పేచీయే ఉంటుంది. పెదనాన్నకు పాత కీర్తనల పుస్తకమే ప్రమాణం. రాగమూ తాళమూ పైన అచ్చువేసిన ఆ కీర్తనలను ఆయన హార్మోనియం మీద తాతయ్య పద్ధతిలోనే నెమ్మదిగా పాడతారు. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌధరి వంటివారు ప్రభువును మన రాగాల్లో స్తుతించారని, ఆ సొమ్మును వదులుకుని కీబోర్డు వెంట పడటం దేనికని ఆయన బాధ. బాబాయి పిల్లలకు చప్పట్లూ కొత్త పాటలూ కావాలి. నా మనసు కీర్తనల వైపే మొగ్గుతుంది గాని, పెదనాన్న మూడో చరణానికి వచ్చేసరికి పిల్లలందరూ దొడ్లో పొయ్యి దగ్గరికి చేరిపోతారన్నది కూడా దాచకూడని నిజం.

ప్రార్థన విషయంలో నాయనమ్మ పెట్టిన నియమం ఒకటి ఉంది. పెదనాన్న, బాబాయి ఇద్దరూ ప్రార్థనలో కూర్చుంటే దేశాధినేతల నుంచి దొడ్లో గేదె వరకు ఎవరినీ వదలరు. ఒకసారి అలా ముప్పావు గంట సాగి పలావు అడుగంటిందట. అప్పటి నుంచి మూత మీద నిప్పులు పోశాక ప్రార్థన మొదలుపెట్టి, నిప్పులు తీసేలోగా ఆమేన్ చెప్పాలి. నిప్పులు తీసే పని నాయనమ్మ తనకే ఉంచుకుంది, ఇప్పుడు మా అమ్మ చేస్తుంది.

కిందటి ఏడాది పెద్దత్తయ్యకు మోకాళ్ళు బాగా లేవు. మెదక్ నుంచి హైదరాబాదుకు సుమారు వంద కిలోమీటర్లు, అక్కడి నుంచి మా ఊరికి మరో మూడు వందలు. ఆమె రాలేకపోవచ్చని, ఇక పండుగను 25 సాయంత్రానికి మార్చుకుంటే సెలవుల గొడవ కూడా ఉండదని మా తమ్ముడు ఫోన్లో ప్రతిపాదించాడు. ఎవరూ కాదనలేదు, అవుననీ అనలేదు. ఆ మౌనం అత్తయ్య చెవిన ఎలా పడిందో తెలియదు గాని, 25 రాత్రే బస్సెక్కానని ఆమె దగ్గర నుంచి కబురు వచ్చింది. దారిలో పొగమంచు. పొద్దున దిగవలసిన మనిషి మధ్యాహ్నం రెండైనా రాలేదు. పలావు గిన్నె మీద నిప్పులు రెండుసార్లు మార్చారు, పెదనాన్న ఐదు కీర్తనలు పూర్తిగా పాడారు, ఆకలి మీద పిల్లలు అరిసెల డబ్బా ఖాళీ చేశారు. మూడున్నరకు ఆటో దిగి, కర్ర పట్టుకుని లోపలికి వస్తూనే ఆమె, "మూత తీశారా?" అని అడిగింది. తీయలేదని చెబితే, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని నేరుగా దొడ్లోకి నడిచింది. ఆనాటి ప్రార్థన బాబాయిదే, మూడు నిమిషాల్లో ముగిసింది.

సాయంత్రం చీకటిపడ్డాక చూస్తే గుమ్మం మీది స్టారులో బల్బు పోయింది. స్టారు కట్టమని బైబిలు వాక్యంలో లేదని ప్రతి ఏడూ చెప్పే బాబాయే, ఎవరూ అడగకుండా నిచ్చెన తెచ్చుకుని ఎక్కి కొత్త బల్బు పెట్టారు. కింద నిచ్చెన పట్టుకున్న పెద్దత్తయ్య, "నీకు నమ్మకం లేదు కదరా?" అంది. ఆయన పైనుంచే, "కట్టడం తప్పే అక్కా, కట్టాక ఆరిపోనివ్వడం ఇంకా తప్పు" అన్నారు.