చాగస్‌లో అట్రోపిన్ ప్రశ్న: నేను మార్కు పోగొట్టుకున్న చోటు

మెడికల్ పీజీ ఎంట్రన్స్‌కి చదివేటప్పుడు చాగస్ జబ్బు అంటే నాకు ఒక్క లైనే. ట్రిపనోసోమా క్రూజీ అనే పరాన్నజీవి, దాన్ని మోసే కిస్సింగ్ బగ్ అనే పురుగు, పెద్దపేగు ఉబ్బిపోయే మెగాకోలన్, పేజీ తిప్పేయడమే. ఒక మాక్ టెస్టులో అడిగారు, క్రానిక్ చాగస్ రోగికి అట్రోపిన్ (గుండెని నెమ్మదింపజేసే వేగస్ నరం కబురుని ఆపే మందు) ఇస్తే గుండె వేగం ఏమవుతుంది అని. పెరుగుతుంది, ఇంకేమవుతుంది అనుకుని కొట్టేశాను. నెగటివ్ పడింది. జవాబు "పెద్దగా పెరగదు".

ఒళ్ళు మండి ఆ రాత్రి కూర్చుని బొమ్మ గీశాను. గుండెకి బ్రేక్ లాంటి వేగస్ నరం గుండె దాకా వచ్చి, ఏట్రియాల (గుండె పై గదుల) చుట్టూ ఉన్న చిన్న గాంగ్లియాలలో (నరాల కణాల గుంపుల్లో) ఆగుతుంది, అక్కడి కణాలే చివరి కబురు సైనస్ నోడ్‌కి (గుండె వేగాన్ని నడిపించే చోటుకి) చేరుస్తాయి. చాగస్‌లో దెబ్బ తినేది ఈ కణాలే. బ్రెజిల్‌లోని రిబెరావ్ ప్రెతోలో ఫ్రిట్జ్ కోబర్లె అనే పాథాలజిస్టు 1950లలో, చనిపోయిన రోగుల గుండెల్లో ఈ కణాలను ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూపించాడు (ఆ ఓపికకి దండం పెట్టాలి). కబురు మోసేవాళ్ళే లేనప్పుడు అట్రోపిన్ ఇంక దేన్ని ఆపుతుంది? మార్పిడి చేసిన గుండెకి అట్రోపిన్ పనిచేయకపోవడానికీ ఇదే లాజిక్, కాబట్టి రెండూ కలిపి గుర్తుపెట్టుకోండి. వల్సాల్వా (ఊపిరి బిగబట్టి గట్టిగా ముక్కడం) వదిలాక గుండె నెమ్మదించాలి కదా, అదీ వీళ్ళలో సరిగా జరగదు.

నన్ను అసలు తికమక పెట్టింది మాత్రం వేరే. బ్రేక్ పోతే గుండె ఎప్పుడూ పరిగెత్తాలి కదా, మరి చాలామంది రోగుల్లో బ్రాడీకార్డియా (గుండె మరీ నెమ్మదిగా కొట్టుకోవడం) ఎందుకు? ఎందుకంటే జబ్బు నరాలతో ఆగదు, సైనస్ నోడ్‌ని కూడా తినేస్తుంది. పైగా గుండెని పరిగెత్తించే సింపథెటిక్ నరాల వైపు కూడా దెబ్బే. ఈ నరాలను చూపించే ఎంఐబీజీ స్కాన్‌లో, వెంట్రికల్ (గుండె కింది గది) ఇంకా బాగానే కొట్టుకుంటున్న రోగుల్లో కూడా ఆ నరాలు పోయిన మచ్చలు కనిపిస్తాయి, ప్రమాదకరమైన వెంట్రిక్యులర్ అరిత్మియాలకూ (ఆ గదుల లయ తప్పడానికీ) వాటికీ లింకు ఉంది. గుండెలో ఈ రెండు రకాల నరాల కబుర్లు అందుకునే ఎం2, బీటా1 రిసెప్టర్ల మీద పనిచేసే యాంటీబాడీలు కూడా దొరికాయి గానీ, అవి ఎంతవరకు కారణమో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. అందుకే దాన్ని ఒక్కసారి చదివి వదిలేశాను.

ఈసీజీ ప్రశ్న వస్తే ఇదంతా పక్కన పెట్టండి. రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్‌తో లెఫ్ట్ యాంటీరియర్ ఫాసిక్యులర్ బ్లాక్ కనిపిస్తే అది గుండెలో కరెంటు మోసే కండక్షన్ వైర్లు దెబ్బతిన్న కథ, వేగస్‌ది కాదు. నేను అక్కడ కూడా వేగస్‌నే పట్టుకుని ఇంకో మార్కు పోగొట్టుకున్నాను, అదే టెస్టులో.