వైజాగ్ నుంచి ఓడెక్కే ఇంటి సామాను

విదేశానికి మకాం మారుస్తున్న ఇంట్లో సామాను పంపే ఏజెంట్‌ని మొదట అడిగే మాట "కిలోకి ఎంత?" అని. విమానానికైతే సరే. ఓడ దగ్గర అమ్మేది చోటు. దాని కొలత ఘనమీటరు, ఏజెంట్ల నోట సీబీఎం, మన లెక్కలో 35.3 ఘనపుటడుగులు. పార్ట్ లోడుకి, అంటే ఇతరుల సామానుతో కలిపి ఒకే కంటైనర్‌లో పంపేదానికి, ఒక సీబీఎం లేదా వెయ్యి కిలోలు, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి రేటు కడతారు. ఇంటి సామాను సీబీఎంకి వెయ్యి కిలోలు తూగడం జరగని పని. అందుకని ఖాళీ గంగాళానికీ, లోపల స్టీలు గిన్నెలు కుక్కి నింపిన గంగాళానికీ ఓడ కిరాయి ఒకటే.

టేపు పట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరగండి. 18×18×24 అంగుళాల అట్టపెట్టె నాలుగున్నర ఘనపుటడుగులు, ఇలాంటివి ఎనిమిదైతే దాదాపు ఒక సీబీఎం. ఆరున్నర అడుగుల స్టీలు బీరువా ఒక్కటే 31 ఘనపుటడుగులు, అంటే ఏడు పెట్టెల చోటు. ఆరంగుళాల క్వీన్ సైజు పరుపు 16. బీరువా, పరుపు, ప్లైవుడ్ మంచం ఇక్కడే ఎవరికైనా ఇచ్చెయ్యడం మేలని నా అభిప్రాయం. పుస్తకాలు, ఇత్తడి, స్టీలు, సంగీత వాయిద్యాలు, పటాలు మాత్రం కిరాయికి తగినవి. పట్టుచీరలు కూడా తగినవే గానీ జరీ తేమకి నల్లబడుతుంది కాబట్టి అవి చేతిసంచిలో వెళ్లాలి. బంగారం గురించి చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇరవై అడుగుల కంటైనర్ కాగితం మీద 33 సీబీఎం. ఇంటి సామాను ఇటుకల్లా పేర్చేది కాదు కనుక నిజంగా పట్టేది 26, 28. మీ లెక్క పదిహేను సీబీఎం దాటిందంటే పార్ట్ లోడుకీ, పూర్తి కంటైనర్‌కీ విడివిడిగా కొటేషన్ అడగండి. పార్ట్ లోడులో ఇంకో చిక్కుంది. అదే కంటైనర్‌లో ఇంకొకరు దాచిపెట్టిన పచ్చడి జాడీనో, విత్తనాల పొట్లమో అవతలి కస్టమ్స్ వాళ్ల కంటబడితే అందరి సామానూ ఆగుతుంది.

విమానంలో పంపేవాటికి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తారు. కొరియర్ కంపెనీలు 5000తో. 45×45×60 పెట్టెలో ఆరు కిలోల బొంతలు పెట్టినా ఎయిర్ కార్గోలో 20 కిలోలకి, కొరియర్‌లో 24 కిలోలకి డబ్బు కట్టాలి. మొదటి నెలకి కావలసిన వంటగిన్నెలు, పిల్లల పుస్తకాలు అలా పంపొచ్చు. బొంతలు ఓడకే.

వైజాగ్ కంటైనర్ టెర్మినల్ 2003 నుంచి నడుస్తోంది గానీ, అమెరికాకో ఇంగ్లండుకో వెళ్లే కంటైనర్ సాధారణంగా ఇక్కణ్ణుంచి ఫీడర్ ఓడలో కొలంబోకో, సింగపూర్‌కో, పోర్ట్ క్లాంగ్‌కో చేరి అక్కడ పెద్ద ఓడెక్కుతుంది. పార్ట్ లోడు సామానుని కొందరు ఏజెంట్లు లారీలో పదహారో నంబరు హైవే మీద ఎనిమిది వందల కిలోమీటర్లు చెన్నైకి తోలి అక్కడ కంటైనర్‌లో నింపుతారు. అది తప్పు కాదు, కానీ ముందే తెలియాలి. లారీ నుంచి గోడౌనుకి, గోడౌను నుంచి కంటైనర్‌కి పెట్టె చేతులు మారిన ప్రతిసారీ ఒక మూల నలుగుతుంది. "స్టఫింగ్ ఎక్కడ, వైజాగ్‌లోనా చెన్నైలోనా?" అని అడిగి జవాబు మెయిల్‌లో రాయించుకోండి. ఇంటి నుంచి ఇంటికి రెండు మూడు నెలలు వేసుకోండి.

మన ఊరి గాలిలో ఉప్పూ తేమా ఎంతుంటాయో బీచ్ రోడ్డు ఫ్లాట్లలో కిటికీ ఊచలు చెబుతాయి. ఆ గాలినే కంటైనర్‌లో పెట్టి తలుపు మూసేస్తాం. అట్ట, చెక్క, దూది తమలో పీల్చుకున్న తేమని పగటి ఎండకి వదులుతాయి, రాత్రి చల్లబడ్డ ఇనప కప్పుకి ఆ ఆవిరి నీళ్లై పట్టి చుక్కలుగా కారుతుంది. దీన్నే కంటైనర్ చెమట అంటారు. పైవరస పెట్టెలు తడిసి కూలేది ఇందువల్లే, సముద్రం నీళ్లు లోపలికొచ్చి కాదు. మందు కూడా ఇక్కడే ఉంది. బూరుగుదూది దిళ్లు, దుప్పట్లు రెండు రోజులు గట్టి ఎండలో వేసి, చల్లారాక పెట్టెలో పెట్టాలి. గిన్నెలు కడిగిన పూటే సర్దకూడదు. పెట్టెకి రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు, కంటైనర్ గోడలకి తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ సంచులు వేలాడాలి. తడి ఆరని వస్తువుకి ప్లాస్టిక్ చుడితే బూజుని లోపలుంచి కుట్టేసినట్టే. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరికతో ఓడల రాకపోకలు ఆగిపోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లకి ఇది వివరించే పని లేదు. ఆ నెలల్లో పంపేవాళ్లు రెండు వారాలు అదనంగా చేతిలో ఉంచుకోవాలి.

అట్టపెట్టె ఐదు పొరలది తక్కువలో తక్కువ, గాజుకీ పింగాణీకీ ఏడు పొరలది. పుస్తకాలకి చిన్న పెట్టె వాడి ఇరవై కిలోలు దాటకుండా చూడాలి, లేకపోతే ఎత్తేవాడు ఎత్తలేక పడేస్తాడు. పళ్లేలు ఒకదాని మీద ఒకటి పరిస్తే కింది రెండూ పగులుతాయి, పుస్తకాల్లా నిలబెట్టాలి. కింద మూడంగుళాల మెత్తటి కాగితం, పైనా అంతే. మూత వేసి ఊపితే చప్పుడు రాకూడదు. పూర్ణా మార్కెట్‌లో దొరికే యాపిల్ పెట్టెలు, గుడ్ల పెట్టెలు చవకే గానీ, పళ్లు, కూరలు, గుడ్లు, మాంసం పెట్టిన అట్టలు వాడొద్దని ఆస్ట్రేలియా క్వారంటైన్ వాళ్లు ముందే చెబుతారు. కర్ర పెట్టె చేయిస్తే దాని మీద ఐఎస్‌పీఎం-15 ముద్ర ఉండాలి. చెక్క గుండె దాకా 56 డిగ్రీల వేడి అరగంట పట్టించారని, లేదా పురుగుమందు పొగ పెట్టారని దాని అర్థం. మామూలు సా మిల్లులో కోయించిన చెక్కకి ఆ ముద్ర రాదు.

వీణ ఉన్నవాళ్లు ఈ పేరా ఆగి చదవండి. బొబ్బిలి వీణకి పనసచెక్కంటే దిగుల్లేదు, దిగులంతా మైనంతోనే. 24 మెట్లూ నల్ల మైనపు కట్ల మీద కూర్చుని ఉంటాయి. ఎండలో నిలబడ్డ కంటైనర్ లోపల వేడికి మైనం మెత్తబడి మెట్లు ఒరుగుతాయి, చేరాక మేళం, అంటే మెట్ల అమరిక, మళ్లీ కట్టించాల్సి వస్తుంది. అమెరికాలో మేళం కట్టేవాణ్ణి వెతకడం వీణ కొనడం కంటే కష్టం. వీలైతే విమానంలోనే పంపండి. ఓడ తప్పకపోతే తీగలు సగం వదులు చేసి, గుర్రాన్ని (తీగలు ఆనే వంతెనని) తీసి విడిగా చుట్టి, బుర్ర విప్పి వేరే పెట్టెలో పెట్టి, మెట్ల మీద పొడవునా పలచటి నురుగు పట్టీ వేసి గుడ్డతో కట్టాలి. పెట్టెలో వీణ వెల్లకిలానే ఉండాలి, బోర్లా పెట్టకూడదు. కట్టే ముందు మెట్లన్నీ కనపడేలా ఫొటో తీసుకుంటే తర్వాత సరిచేసేవాడికి అదే ఆధారం.

గ్రైండర్‌కి రెండు లెక్కలు. మొదటిది బరువు: రాళ్లు డ్రమ్ములో ఉంచి పంపితే దారిలో అవే దాన్ని పగలగొడతాయి, తీసి విడిగా చుట్టాలి. రెండోది కరెంటు. ఇంగ్లండు, ఆస్ట్రేలియాల్లో మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్, ప్లగ్గు మారిస్తే చాలు. అమెరికా, కెనడాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని పెంచుతుంది గానీ హెర్ట్జ్‌ని మార్చదు. మిక్సీ మోటారుకి దానితో పేచీ లేదు, 750 వాట్ల మిక్సీ 1500 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్‌తో తిరుగుతుంది. గ్రైండర్‌లో ఉండేది ఇండక్షన్ మోటారు. 60 హెర్ట్జ్ దగ్గర ఐదో వంతు వేగం పెరుగుతుంది, బెల్టు మీదా మోటారు మీదా భారం పడుతుంది. అక్కడి కరెంటుకి చేసిన గ్రైండర్ కొనడమే దారి. సీలింగ్ ఫ్యాన్లు, గ్యాస్ పొయ్యి ఇక్కడే వదిలెయ్యండి.

పెట్టెలో వేయకూడనివి మనం ఊహించనివే ఎక్కువ. దేవుడి అలమరలోని కర్పూరం మండే సరుకు కింద, ఎండుకొబ్బరి తనంతట తాను వేడెక్కే సరుకు కింద ప్రమాదకర సరుకుల జాబితాలో ఉన్నాయి. పవర్ బ్యాంకు, సెంటు సీసాలు, గోళ్ల రంగు కూడా అంతే. పిడకలు, పసుపు కొమ్ములు, కుంకుడుకాయలు, కొబ్బరి పుల్లల చీపురు, వెదురు చేట ఆస్ట్రేలియాలో తప్పకుండా తనిఖీకి వెళతాయి. బూట్ల అడుగున మట్టి ఉన్నా కడిగించి ఆ ఖర్చు మీకే రాస్తారు. కరివేపాకు నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగుకి ఆశ్రయం కాబట్టి అమెరికా తాజాదాన్ని రానివ్వదు. ఏటికొప్పాక బొమ్మలు పంపొచ్చు, జాబితాలో "లక్కపూత చెక్క బొమ్మలు" అని స్పష్టంగా రాసి చెక్కకి బెరడు లేకుండా చూడాలి. గంధపు చెక్క, ఎర్రచందనం బొమ్మ, నెమలి ఈకలు, బీచ్‌లో ఏరిన గవ్వలూ పగడపు ముక్కలూ ముట్టుకోకండి. తాతలనాటి కంచు విగ్రహానికి వందేళ్లు దాటితే 1972 పురావస్తువుల చట్టం కింద దేశం దాటదు. అంత పాతది కాదని పురావస్తు శాఖ నుంచి పత్రం తెచ్చుకోవాలి. పాత తాళపత్రాలకీ, చేతిరాత ప్రతులకీ ఆ హద్దు 75 ఏళ్లే.

కాగితాల్లో మనవాళ్లకి వచ్చే ప్రత్యేక తంటా ఇంటిపేరు. పాస్‌పోర్టులో విప్పి రాసిన ఇంటిపేరు, ప్యాకింగ్ లిస్టులో పొడి అక్షరం, ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదైన బిల్ ఆఫ్ లేడింగ్‌లో ముందూ వెనకా అయిన పేరు, ఈ మూడూ కలవకపోతే అవతలి ఒడ్డున సామాను ఆగుతుంది. డ్రాఫ్ట్ బిల్ పంపమని అడిగి అక్షరం అక్షరం చూడండి. ప్యాకింగ్ లిస్టులో "ఇతర సామాను" అన్న మాట తనిఖీకి పిలుపే. "వాడిన స్టీలు గిన్నెలు, 14" అని రాయాలి.

దేశాన్ని బట్టి ఫారాలు మారతాయి. అమెరికాకి కస్టమ్స్ ఫారం సీబీపీ 3299. అమెరికా బయట ఏడాదైనా ఇంట్లో వాడిన సామానుకి సుంకం ఉండదు. ఐఎస్‌ఎఫ్ అనే ముందస్తు సమాచారం అమెరికా వెళ్లే ఓడలోకి ఎక్కించడానికి 24 గంటల ముందే దాఖలు కావాలి, తప్పితే 5,000 డాలర్ల దాకా జరిమానా. ఎవరు దాఖలు చేస్తారో ఏజెంట్‌తో రాతలో ఉండాలి. ఇంగ్లండుకి టీఓఆర్‌1 అనే సుంకం మినహాయింపు దరఖాస్తు పెట్టి ముందుగా నంబరు తెచ్చుకోవాలి. మీరు ఏడాదైనా ఆ దేశం బయట ఉండి, వస్తువు ఆరు నెలలుగా మీ దగ్గరుండాలి. కెనడాకి మొదటిసారి దిగిన రోజే, చేతిలో సూట్‌కేసు ఒక్కటే ఉన్నా, వెనక వచ్చే సామాను జాబితా ఇవ్వాలి. ఆ రోజు ఇవ్వకపోతే తర్వాత సుంకం గొడవ. కొత్తగా పెళ్లయి స్థిరపడడానికి వెళ్లేవాళ్లకి అక్కడ ఒక వెసులుబాటు ఉంది: అక్కడ దిగడానికి ముందు మూడు నెలల లోపు పెళ్లి జరిగితే కానుకలు వాడినవే కానక్కర్లేదు. సారె సామాను పంపేవాళ్లు ఇది వాడుకోవచ్చు.

మూడు కొటేషన్లు తెచ్చి పక్కపక్కన పెడితే ఒకటి బాగా చవగ్గా కనపడుతుంది. అది చాలాసార్లు పోర్టు దాకానే. అవతలి టెర్మినల్ ఖర్చు, గోడౌనులో దింపే ఖర్చు, కస్టమ్స్ క్లియరెన్స్, ఇంటికి చేర్చడం అందులో ఉండవు, కంటైనర్ దిగాక బిల్లు వస్తుంది. అప్పుడు బేరానికి చోటుండదు, సామాను విడిపించడం ఆలస్యమైనందుకు వేసే డెమరేజి రోజురోజుకీ పెరుగుతుంటుంది. కస్టమ్స్ ఎక్స్‌రే తనిఖీ చేస్తే ఆ ఛార్జీ ఏ కొటేషన్‌లోనూ ఉండదు, దాన్ని విడిగా పక్కన పెట్టుకోండి. ఏజెంట్ ఇంటికొచ్చి చూడకుండా ఫోన్‌లో చెప్పిన సీబీఎం నమ్మొద్దు. ప్యాక్ చేశాక కొలిస్తే పెరుగుతుంది, పెరిగితే ఎంతకి అనేది ముందే రాయించాలి.

బీమా మొత్తం నష్టానికి మాత్రమేనా, అన్ని రిస్కులకా అని చూడండి. మీరే కట్టిన పెట్టెలో గాజు పగిలితే సాధారణంగా డబ్బు రాదు, అందుకే పింగాణీ వాళ్ల చేతే కట్టించాలి. పైకి దెబ్బ లేకుండా టీవీ పనిచెయ్యకపోయినా అంతే. విలువ ఇక్కడి ధర కాకుండా, అక్కడ కొత్తది కొనాలంటే అయ్యే ధర వెయ్యండి. జనరల్ యావరేజి అనే పాత సముద్ర నియమం కూడా పాలసీలో ఉండాలి. ఓడని కాపాడడానికి చేసిన ఖర్చు సరుకున్నవాళ్లందరూ పంచుకోవాలి, మీ గిన్నెలు చెక్కుచెదరకపోయినా సరే. 2021లో సూయజ్‌లో అడ్డం తిరిగిన ఎవర్ గివెన్ ఓడ యజమాని దీన్నే ప్రకటించాడు.

సామాను ఇంటికొచ్చిన రోజున దింపేవాళ్లు తొందరపెడతారు. పెట్టె నంబర్లు జాబితాతో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ దింపించండి, నలిగినవాటి నంబరు డెలివరీ కాగితం మీద రాసి, ఫొటో తీసి, ఆ తర్వాతే సంతకం. నలిగిన పెట్టె వాళ్ల ముందే విప్పండి. గ్రైండర్ రాయి ఉన్న పెట్టె మాత్రం అట్ట అడుగు చూసుకుని రెండు చేతులతో ఎత్తండి.